కొలవడం వచ్చిన చేతికే డేటా

రాయచూరులో హైదరాబాదు బస్సెక్కితే శక్తినగర్, కృష్ణా వంతెన రాకముందే యరమరస్ వస్తుంది. చిరునామాల్లో యరమరస్ క్యాంప్ అని రాస్తారు. ఈ జిల్లాలో క్యాంపు అన్న మాట వినగానే తెలుగువాళ్లకు తుంగభద్ర కాలువలు గుర్తొస్తాయి. నీళ్లు పారాక కోస్తా నుంచి తరలివచ్చి నల్లరేగడిని వరిమళ్లు చేసిన కుటుంబాలు గుర్తొస్తాయి. ఆ కుటుంబాల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు. వాళ్లలో ఫిజిక్సు తీసుకున్నవాళ్ల ముందు ఇవాళ నిలబడి ఉన్న ప్రశ్న ఒకటే: ఎమ్మెస్సీ ఫిజిక్సే చేయాలా, డేటా సైన్సుకు మారిపోవాలా, రెండూ కలిపి చదవొచ్చా?

ఈ ప్రశ్నకు యరమరస్ కంటే మంచి వేదిక ఉండదు. ఇక్కడి థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. కర్ణాటక పవర్ కార్పొరేషన్, బీహెచ్ఈఎల్ కలిసి పెట్టిన కంపెనీ దీన్ని కట్టింది. ఇవి సూపర్ క్రిటికల్ యూనిట్లు. అంటే, బాయిలర్‌లో నీటి పీడనం 221 బార్లు దాటి ఉంటుంది. ఉష్ణోగ్రత 374 డిగ్రీలు దాటితే అక్కడ నీరు, ఆవిరి అనే తేడా ఉండదు. బుడగలు రావు, మరగడం అనే దశే ఉండదు. ఎమ్మెస్సీలో స్టాటిస్టికల్ మెకానిక్స్ చదివేటప్పుడు బోర్డు మీద గీసే క్రిటికల్ పాయింటు ఇదే. ఈ ఊళ్లో అది కరెంటు పుట్టిస్తోంది.

అదే ఊళ్లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రాయచూరు ట్రిపుల్ ఐటీ 2019లో మొదలైనప్పుడు మొదటి బ్యాచ్ పిల్లలు హైదరాబాదు ఐఐటీలో పాఠాలు విన్నారు. ఆ ఐఐటీయే దీనికి మార్గదర్శి. 2020లో పార్లమెంటు చట్టంతో దీనికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. రాయచూరుకు తరలి వచ్చాక తాత్కాలిక ప్రాంగణం పెట్టింది యరమరస్‌లోని ఆ ఇంజనీరింగ్ కళాశాలలోనే. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, డేటా సైన్స్ అక్కడి బీటెక్ కోర్సుల్లో ఒకటి. ఒకే ఊరి పేరు మీద ఒకవైపు ఇంత ఫిజిక్సు, మరోవైపు ఇంత డేటా సైన్సు. మధ్యలో ఉన్నది పిల్లల అయోమయం.

ఈ జోడింపు నిన్న మొన్నటి ఫ్యాషన్ అని చాలామంది అధ్యాపకులు కొట్టిపారేస్తారు. అది నిజం కాదు. 1801 జనవరి 1న పియాజ్జీ అనే ఇటలీ ఖగోళవేత్తకు సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం కనిపించింది. నలభై రోజుల పాటు చూశాక అది సూర్యుడి వెలుగులో కలిసిపోయింది. ఆ కొద్దిపాటి కొలతలతోనే గణితవేత్త గాస్ దాని కక్ష్యను లెక్కగట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే అది మళ్లీ దొరికింది. ఇవాళ డేటా సైన్సు మొదటి వారంలో చెప్పే లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి పేరు పొందింది అలాంటి లెక్కల్లోనే.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా గొప్పది. హైదరాబాదు నిజామియా వేధశాల గురించి ఈ రోజు పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అప్పటికి రాయచూరు కూడా నిజాం రాజ్యంలోదే. ఆకాశాన్నంతా ఫొటోల్లోకి ఎక్కించి ప్రతి నక్షత్రానికీ స్థానం రాయాలని ప్రపంచంలోని వేధశాలలు పని పంచుకున్నాయి. దక్షిణాకాశంలో చిలీ దేశపు శాంటియాగో చేయలేకపోయిన పట్టీని హైదరాబాదు నెత్తికెత్తుకుంది. గాజు పలక మీద నక్షత్రాలు నల్లటి చుక్కలు. వాటి మీద సన్నని గళ్ల గీతలు. మైక్రోస్కోపులో కన్నుపెట్టి ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఎంత దూరాన ఉందో చదివి కాగితం మీద వేయాలి. తరువాత పలక వంపు, కెమెరా వాలు, గాలి వల్ల కాంతి వంగడం అన్నీ లెక్కలోకి తీసుకుని ఆ అంకెలను ఆకాశపు స్థానాలుగా మార్చాలి. అలా లక్షల నక్షత్రాల కొలతలు పన్నెండు సంపుటాలుగా వచ్చాయి. 2000లో టైకో-2 నక్షత్ర పట్టిక తయారు చేసినప్పుడు, వందేళ్లలో నక్షత్రాలు ఎంత కదిలాయో తేల్చడానికి ఈ పాత ఫొటో కొలతలే కావలసి వచ్చాయి. వాటిలో హైదరాబాదు పట్టీ కూడా ఉంది.

అన్నేళ్ల తరువాత కూడా ఆ డేటా ఎందుకు పనికొచ్చింది? పలక మీద కొలిచిన అంకెలను ఉన్నవి ఉన్నట్టే అచ్చువేశారు కాబట్టి, వాటిలో ఎంత తప్పు ఉండవచ్చో తరువాతివాళ్లు మళ్లీ లెక్కగట్టగలిగారు. ఫిజిక్సు, డేటా సైన్సు కలిసిన చదువుకు ప్రాణం ఇక్కడుందని నా నమ్మకం.

దీన్ని డిగ్రీ ల్యాబులోని లోలకంతో చెప్పవచ్చు. మీటరు పొడవున దారం, చివర గుండు. ఒక ఊపుకు రెండు సెకన్లు. ఇరవై ఊపులు లెక్కపెడితే నలభై సెకన్లు. స్టాప్ వాచ్ నొక్కడంలో పదో వంతు సెకను తేడా వచ్చిందనుకుంటే భూమ్యాకర్షణ విలువలో అర శాతం తప్పు వస్తుంది. వంద ఊపులు లెక్కపెడితే ఆ తప్పు అయిదో వంతుకు పడిపోతుంది. అదే ప్రయోగం వెయ్యి సార్లు చేసి సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది. ఇంతవరకూ డేటా పెరిగిన కొద్దీ మేలే. కానీ దారం పొడవు కొలిచేటప్పుడు గుండు మధ్య దాకా కాకుండా పైభాగం దాకానే కొలిచి, ఒక సెంటీమీటరు తక్కువ రాశారనుకుందాం. ఇప్పుడు వెయ్యి సార్లు కాదు, కోటి సార్లు చేసినా ఆ ఒక్క శాతం తప్పు కదలదు. పైగా సగటు చాలా చక్కగా, స్థిరంగా కనిపిస్తుంది కాబట్టి తప్పును నిజమని మరింత గట్టిగా నమ్ముతాం. కంప్యూటరు ఎంత పెద్దదైనా ఆ సెంటీమీటరు సంగతి దానికి తెలియదు. గుండు పట్టుకుని కొలిచిన మనిషికే తెలుస్తుంది.

ఉన్న కొలతల నుంచి ఎంత ఖచ్చితత్వం పిండవచ్చు, ఏ హద్దు దాటి పిండలేం అన్న ప్రశ్నకు జవాబిచ్చింది మన తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్.రావు) 1920లో పుట్టింది రాయచూరుకు ఎగువన, అదే తుంగభద్ర సీమలోని హూవిన హడగలిలో. అప్పట్లో బళ్లారి జిల్లా. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, యుద్ధం రోజుల్లో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని 1941లో అందులో చేరారు. 1945లో, ఇరవై అయిదేళ్లు నిండే నాటికి, ఆయన రాసిన ఒకే ఒక్క పత్రం క్రామర్-రావు హద్దును, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాన్ని, సమాచారాన్ని రేఖాగణితంగా చూసే దారిని ఇచ్చింది. గురుత్వ తరంగాల డిటెక్టరు ఎంత సన్నని కదలికను పట్టగలదో అంచనా వేసేటప్పుడు ఇప్పటికీ ఆ హద్దునే వాడతారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, నూట మూడో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు కన్నుమూశారు. ఆయన చేరిన సంస్థను 1931లో స్థాపించిన మహలనోబిస్ స్వయంగా ప్రెసిడెన్సీ కళాశాలలో ఫిజిక్సు పాఠాలు చెప్పిన మనిషి. మన దేశంలో స్టాటిస్టిక్స్ ఫిజిక్సు ఇంట్లోనే పెరిగిందని ఎమ్మెస్సీ పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

తరువాత మారింది డేటా రాశి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ జిల్లా మీదుగా వెళ్లింది. సింధనూరు వైపున్న జవళగేరాలో భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు మకాం వేశారు. సూర్యుడి కరోనా కనబడింది మూడు నిమిషాల లోపే. ఆ కాస్త సమయంలో తీసిన ఫొటోల కోసం ఎంత ఏర్పాటు, ఎంత ఎదురుచూపు! అదే సంస్థ తయారు చేసిన కరోనాగ్రాఫ్ ఇప్పుడు ఆదిత్య ఎల్1లో ఉంది. 2023 సెప్టెంబరు 2న ఎగిరిన ఆ నౌక నుంచి రోజుకు 1,440 చిత్రాలు పంపేలా దాన్ని రూపొందించారు. అంత రాశిని మనిషి కన్నుతో చూసి తేల్చలేం. జెనీవా దగ్గర సెర్న్‌లోని హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ గుంపులు సెకనుకు నాలుగు కోట్ల సార్లు ఎదురెదురుగా దాటుతాయి. అన్నీ దాచుకోవడం కుదరదు. దేన్ని ఉంచాలో, దేన్ని వదిలేయాలో అక్కడికక్కడే యంత్రం తేల్చుకోవాలి. ఇప్పటి ఫిజిక్సులో డేటా సైన్సు అలంకారం కాదు, అది లేకపోతే ప్రయోగమే లేదు.

డేటా సైన్సుకు ఫిజిక్సు ఇచ్చిందీ ఉంది. అయస్కాంత పదార్థాల్లో స్పిన్‌లు ఎలా సర్దుకుంటాయో చూసి హాప్‌ఫీల్డ్ 1982లో జ్ఞాపకం ఉంచుకునే నెట్‌వర్కును రాశారు. హింటన్ తన నేర్చుకునే యంత్రానికి భౌతికవేత్త బోల్ట్‌జ్‌మన్ పేరే పెట్టుకున్నారు. 2024 ఫిజిక్స్ నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 2014లో హిగ్స్ కణం జాడ పట్టే పోటీని ఆ కొలైడర్‌లోని అట్లాస్ బృందం అందరికీ తెరిచింది. గెలిచినవాళ్లు కణ భౌతిక శాస్త్రవేత్తలు కారు. దీన్ని చూపించి ఇక ఫిజిక్సు అక్కర్లేదని వాదించినవాళ్లున్నారు. ఆ పోటీకి ఇచ్చిన డేటా మొత్తం ఫిజిక్సు సమీకరణాలతో తయారు చేసిన నకలు డేటా అన్న సంగతి వాళ్లు మరిచిపోయారు.

ఇక కోర్సుల సంగతి. విదేశాల్లో ఈ చదువుకు విడిగా పేర్లు వచ్చేశాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో డేటా ఇంటెన్సివ్ ఫిజిక్స్, డేటా ఇంటెన్సివ్ ఆస్ట్రోఫిజిక్స్ అని రెండు ఎమ్మెస్సీలున్నాయి. కేంబ్రిడ్జిలో డేటా ఇంటెన్సివ్ సైన్స్ ఎంఫిల్ ఉంది. అమెరికాలో ఎంఐటీ ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ పేరుతో పీహెచ్‌డీ ఇస్తోంది. పేరు చూసి అప్పు చేసి వెళ్లే ముందు ఒక విషయం గమనించాలి. మంచి కోర్సుల బలం సిలబస్ కాగితంలో ఉండదు, పక్క గదిలో నడుస్తున్న ప్రయోగంలో ఉంటుంది. టెలిస్కోపు బృందంలోనో డిటెక్టరు బృందంలోనో ఉన్నవాళ్లు తమ చేతిలోని చిక్కునే విద్యార్థికి థీసిస్‌గా ఇస్తారు.

తెలుగు నేల మీద దారులు పలుచనే గానీ లేకపోలేదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సుతో పాటు కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ ఇచ్చే జంట డిగ్రీ ఉంది. కాకపోతే అందులో ఇంటర్ తర్వాతే చేరాలి, బీఎస్సీ పిల్లలకు ఆ తలుపు లేదు. కందిలోని హైదరాబాదు ఐఐటీ 2019లోనే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌లో బీటెక్ పెట్టింది, ఫిజిక్సు విభాగమూ అక్కడే ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు, గణితం-స్టాటిస్టిక్స్, కంప్యూటర్ విభాగాలు, సి.ఆర్.రావు పేరు మీదున్న సంస్థ అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాగీ యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ రాడార్ నింగిలోని గాలులను కొలుస్తోంది. వాతావరణ ఫిజిక్సూ డేటా సైన్సూ కలిపి నేర్వాలంటే అంతకంటే పెద్ద బడి ఏముంది? గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు వేరే పేపరు వచ్చింది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చేసినవాళ్లూ అది రాసి ఎంటెక్ వైపు వెళ్లవచ్చు.

మామూలు విశ్వవిద్యాలయాల్లో మాత్రం నాకు బెంగ కలిగించే పోకడ ఒకటి కనిపిస్తోంది. ఫిజిక్సు ఎమ్మెస్సీలో సీట్లు మిగులుతున్నాయని ఒక సెమిస్టరులో పైథాన్ పేపరు పెట్టి, ప్రకటనలో డేటా సైన్స్ అని రాస్తారు. ఇంకోచోట డేటా సైన్స్ పీజీలో ఫిజిక్సు పిల్లలను చేర్చుకుని, రెండేళ్లలో వాళ్లు నేర్చిన ఫిజిక్సును ఒక్కసారి కూడా వాడనివ్వరు. రెండూ పిల్లలకు నష్టమే, రెండోది మరీ నష్టం. కోడింగులో వాళ్లు బీటెక్ పిల్లల వెనకే ఉంటారు. తమకున్న పట్టు మాత్రం పోగొట్టుకుంటారు. దాని కంటే మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్సు గట్టిగా చేసి, స్టాటిస్టిక్స్ సొంతంగా నేర్చుకోవడం నయం. ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితమే. మద్రాసు ఐఐటీ ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ చెబుతోంది. సెర్న్, గురుత్వ తరంగాలు పట్టే లైగో, నక్షత్రాలు కొలిచిన గయా నౌక డేటా ఇంటర్నెట్టులో ఎవరికైనా తెరిచే ఉంది. గయా 2022లో విడుదల చేసిన పట్టికలో దాదాపు 180 కోట్ల నక్షత్రాలున్నాయి. దాన్ని దించుకోవడానికి రాయచూరులో ఉన్నా ఒకటే, కేంబ్రిడ్జిలో ఉన్నా ఒకటే.

నిజంగా కలిపిన పీజీ ఎలా ఉండాలి? మొదటి సెమిస్టరు ల్యాబుతోనే మొదలవ్వాలి. ప్రతి రికార్డులోనూ కొలతతో పాటు దాని అనిశ్చితి రాయాలి. ఇప్పుడు చాలాచోట్ల రికార్డు పాత బ్యాచ్ నుంచి చేతులు మారుతుంది, జవాబు 9.8కి దగ్గరగా వచ్చేలా అంకెలు సర్దుతారు. ఇది చిన్న అలవాటుగా కనిపిస్తుంది గానీ, అంకెలు సర్దడానికి అలవాటు పడ్డ చేతికి రేపు వేల సెన్సర్ల డేటా ఇస్తే ఏం జరుగుతుందో ఆలోచించండి. తరువాత ప్రాబబిలిటీ, బేయీషియన్ పద్ధతి, న్యూమరికల్ మెథడ్స్. స్టాటిస్టికల్ మెకానిక్స్‌ను మెషీన్ లెర్నింగుతో పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఎంట్రోపీ రెండు పేపర్లలో రెండు వేరే విషయాలుగా చెప్పే దుస్థితి పోవాలి. చోటు కోసం ఏదో ఒకటి తగ్గించక తప్పదు. నా వరకు క్వాంటం మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం ముట్టుకోకూడదు. పాత స్పెషలైజేషన్ పేపర్లలో రెండు వదులుకోవచ్చు. చివరి సెమిస్టరు మొత్తం ఒకే ప్రాజెక్టు, అదీ తమ ప్రాంతపు డేటా మీద.

ఆ డేటా యరమరస్ చుట్టూ కుప్పలుగా ఉంది. థర్మల్ కేంద్రాన్నే తీసుకోండి. బాయిలర్ గొట్టానికి సన్నని చిల్లు పడితే యూనిట్ ఆపాల్సి వస్తుంది. ముందే పసిగట్టే నమూనా కావాలి. వట్టి డేటాతో నేర్పిన నమూనా నిండు లోడు మీద బాగా పనిచేస్తుంది. వానాకాలంలో తడిసిన బొగ్గు వచ్చినప్పుడు, పగటి పూట సోలార్ కరెంటు పెరిగి యూనిట్ లోడు తగ్గించినప్పుడు అది తడబడుతుంది, ఎందుకంటే ఆ పరిస్థితిని అది నేర్చుకోలేదు. ఫిజిక్సు తెలిసినవాడు దానికి ఒక షరతు పెడతాడు: లోపలికి పోయిన నీరు, బయటికి వచ్చిన ఆవిరి లెక్క సరిపోవాలి. మండిన బొగ్గు వేడి ఎక్కడెక్కడికి పోయిందో జమాఖర్చు కుదరాలి. కుదరకపోతే గొట్టంలో చిల్లయినా ఉండాలి, సెన్సరైనా చెడి ఉండాలి. ఇలా ప్రకృతి నియమాన్ని నెట్‌వర్కులోనే కలిపి నేర్పే పద్ధతికి 2019లో రైసీ, పెర్డికారిస్, కార్నియడాకిస్ రాసిన పత్రం ఊపు తెచ్చింది. ఇవాళ అదొక పెద్ద పరిశోధనా రంగం.

వ్యవసాయానికి వస్తే, 2025 ఖరీఫ్‌కు కేంద్ర వ్యవసాయ శాఖ రుతుపవనాల రాకను ముందుగా అంచనా వేసి 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు సందేశాలు పంపింది. అందుకు వాడిన నమూనాల్లో న్యూరల్ జీసీఎం ఒకటి. అందులో గాలి కదలికను ఫిజిక్సు సమీకరణాలు లెక్కిస్తాయి, మేఘాల్లాంటి చిన్న స్థాయి సంగతులను నెట్‌వర్కు నేర్చుకుంటుంది. మనం మాట్లాడుకుంటున్న జోడింపు నేరుగా రైతు చేతికి చేరిన సందర్భమిది. ఆ సందేశం ఈ జిల్లాలో ఎంత నిజమైందో తేల్చే పని ఒక మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు. రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. జిల్లాలోనే హట్టి బంగారు గనులున్నాయి, లోతు పెరిగే కొద్దీ రాతి ఒత్తిడిని వినే పని అక్కడుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ పందొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆయకట్టు రైతులంతా ఊపిరి బిగబట్టారు. ఇనుము అలసటను కొలిచి, ఆ కొలతలను ఏళ్ల తరబడి చదివే మనుషులు కావాలని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

కాబట్టి నా తీర్పు ఇది. ఈ చదువు అవసరం, ఆలస్యం చేయకూడదు. కానీ దాన్ని ఫిజిక్సు విభాగమే నడపాలి, డేటా సైన్సువాళ్లు పక్కన నిలబడాలి. తిరగేస్తే ఫిజిక్సు పేరుకే మిగులుతుంది.

యరమరస్ కేంద్రాన్ని, డ్యామ్ బోర్డును, గనులను నడిపేవాళ్లకు ఒక విన్నపం. ఇప్పటి డేటా ఇవ్వడానికి మీకు ఇబ్బందులుంటాయి. అయిదేళ్ల కిందటి డేటా, రహస్యమనిపించినవి తీసేసి, ఒక ఏడాదిది విద్యార్థులకు ఇవ్వండి. పిల్లలకు ఒక మాట. ఏ కళాశాలలోనైనా పీజీలో చేరే ముందు ప్రకటన చూడకండి. వెళ్లి ల్యాబు తలుపు తీయించండి. కిందటి బ్యాచ్ ప్రాజెక్టు నివేదిక ఒకటి అడిగి తీసుకుని చివరి పట్టిక చూడండి. ప్రతి అంకె పక్కనా ప్లస్ ఆర్ మైనస్ గుర్తు ఉంటే చేరండి. లేకపోతే ఇంకో కళాశాల చూసుకోండి.